యార్డుకు ల్యాప్‌టాప్ తీసుకెళ్తున్నారా? నెట్ మాత్రం సొంతంగా చూసుకోండి

మిర్చి టిక్కీలు లారీ ఎక్కాయంటే రైతు ఊరు విడిచినట్టే. పల్నాడు, ప్రకాశం, కర్నూలు జిల్లాల నుంచి గుంటూరు యార్డుకు వచ్చినవారికి సరుకు దించడం, మచ్చు చూపించడం, కాటా వేయించడం, పట్టీ రాయించుకోవడం అయ్యేసరికి ఒకటి రెండు రాత్రులు ఇక్కడే గడిచిపోతాయి. ధర నచ్చక కోల్డ్ స్టోరేజీలో పెట్టాలనుకుంటే ఇంకో రోజు. ఇదివరకు ఇలా వచ్చే రైతు చేతిలో ఒక సంచి, ఒక దుప్పటి ఉండేవి. ఈమధ్య ఆ సంచిలో ల్యాప్‌టాప్ కూడా కనిపిస్తోంది. అబ్బాయో అమ్మాయో కాలేజీ చదువుకు కొన్నది కొందరిది. రైతు ఉత్పత్తిదారుల సంఘం లెక్కలకు కొన్నది మరికొందరిది.

వస్తువు మంచిదే. ఈ-నామ్‌లో ఏ యార్డులో ఏ ధర పలికిందో చూసుకోవచ్చు. బ్యాంకు ఖాతాలో పట్టీ డబ్బు పడిందో లేదో తెలుసుకోవచ్చు. మీభూమిలో అడంగల్ దించుకోవచ్చు. పీఎం కిసాన్ విడత 2,000 రూపాయలు జమ అయిందీ లేనిదీ చూసుకోవచ్చు. సెల్లులో కళ్లు చికిలించి చూసే పనిని ఇందులో పెద్ద అక్షరాలతో చూసుకోవచ్చు.

చిక్కల్లా నెట్ దగ్గర వస్తోంది. ఏడాది పొడవునా పడిన కష్టం ఒక్క పట్టీలో డబ్బు రూపంలో వస్తుంది. ఆ డబ్బు ఖాతాలో పడే రెండు మూడు రోజులే రైతు పరాయి ఊళ్లో, పరాయి నెట్ మీద ఉంటాడు. లాడ్జిలో వైఫై, టీ కొట్లో వైఫై, రైల్వే స్టేషన్‌లో వైఫై. "బాబాయ్, మా వైఫై కొట్టుకో, పాస్‌వర్డ్ చెప్తా" అని కొట్లో కుర్రాడు అభిమానంగా అంటాడు. కాదనబుద్ధి కాదు. అలాంటి నెట్ మీద ఏ పని చేయవచ్చు, ఏ పని చేయకూడదు, ఎందుకు చేయకూడదు అనేవి రైతు సోదరులు ముందే తెలుసుకుని ఉండాలి.

అన్నిటికంటే మేలైన దారి

మీ సెల్లులో ఉన్న నెట్‌నే ల్యాప్‌టాప్‌కు ఇచ్చుకోవడం అన్నిటికంటే మేలైన పద్ధతి. దీన్నే హాట్‌స్పాట్ అంటారు. సొంత బోరు ఉండగా పక్కవాడి కాలువ నీటికి ఎదురుచూడడం దేనికి? సెల్లులో సెట్టింగ్స్‌లోకి వెళ్లి హాట్‌స్పాట్ అన్నచోట నొక్కితే మీ సెల్లే ఒక చిన్న వైఫై అవుతుంది. దానికి ఒక పేరు, ఒక పాస్‌వర్డ్ ఉంటాయి. ల్యాప్‌టాప్‌లో వైఫై గుర్తు మీద నొక్కి ఆ పేరు ఎంచుకుని పాస్‌వర్డ్ కొడితే సరిపోతుంది.

పాస్‌వర్డ్ లేకుండా హాట్‌స్పాట్ తెరిచి పెట్టకూడదు. 12345678 అని పెట్టినా పెట్టనట్టే లెక్క. రక్షణ రకం ఏది అని సెల్లు అడిగితే డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 అన్నది ఎంచుకోవాలి. 'ఓపెన్' అన్నది మాత్రం వద్దు. పని అయిపోగానే హాట్‌స్పాట్ ఆపేయాలి. లేకపోతే సెల్లు బ్యాటరీ అయిపోతుంది, కాటా దగ్గర కబురు చేయాల్సిన సమయానికి సెల్లు మూగబోతుంది. సెల్లుకూ ల్యాప్‌టాప్‌కూ ఛార్జింగ్ వైరు తగిలించి 'యూఎస్‌బీ టెథరింగ్' అన్నది నొక్కినా నెట్ వస్తుంది. వైరు ద్వారా కాబట్టి గాలిలో ఎవరూ అందుకోలేరు, పైగా సెల్లు ఛార్జి కూడా అవుతుంది. వైరు మంచిదై ఉండాలి. కొన్ని చౌక వైర్లు ఛార్జింగ్‌కే తప్ప నెట్‌కు పనికిరావు.

'డేటా అంతా తినేస్తుంది' అని చాలామంది దీనికి జంకుతారు. ఆ భయంలో కొంత నిజం ఉంది. ధరలు చూడడానికి, అడంగల్ దించుకోవడానికి అయ్యే డేటా చాలా తక్కువ. కానీ ల్యాప్‌టాప్‌కు ఒక దురలవాటు ఉంది. నెట్ దొరగ్గానే మనల్ని అడగకుండా తన అప్‌డేట్లు దించుకోవడం మొదలుపెడుతుంది. అవి ఒక్కోసారి ఒక జీబీ దాటిపోతాయి, ఆ రోజు డేటా అక్కడితో సరి. దీనికి విరుగుడు ఉంది. విండోస్ ల్యాప్‌టాప్ అయితే వైఫై పేరు పక్కన ఉండే ప్రాపర్టీస్‌లోకి వెళ్లి 'మీటర్డ్ కనెక్షన్' అన్నదాన్ని ఆన్ చేయాలి. అప్పుడది పెద్ద దిగుమతులను చాలావరకు ఆపుకుంటుంది. అప్‌డేట్లు ఇంటి దగ్గర, బయల్దేరే ముందు రోజే చేయించుకోవాలి. అసలు చేయించకుండా వదిలేయడం మాత్రం మంచిది కాదు. పాత ల్యాప్‌టాప్‌లలో ఉండే విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సహాయాన్ని 2025 అక్టోబరు 14తో ఆపేసింది. మీది అదే అయితే విండోస్ 11కు మారడానికి వీలుందేమో తెలిసినవారికి చూపించుకోవాలి. అంతవరకు దానిమీద బ్యాంకు పని పెట్టుకోకపోవడం మేలు.

పరాయి వైఫైలో ప్రమాదం ఎక్కడుంది?

'బయట వైఫై పట్టుకుంటే ఖాతా ఖాళీ' అని కొందరు బెదరగొడతారు. 'ఏమీ కాదు, అందరూ వాడుతున్నారుగా' అని మరికొందరు తేలిగ్గా తీసేస్తారు. రెండూ సగం సగం నిజాలే. రోగం ఏదో తెలియకుండా అన్ని మందులూ కలిపి కొట్టే బదులు అసలు సంగతి తెలుసుకుంటే భయపడాల్సినచోటే భయపడతాం.

వెనుకటి రోజుల్లో నెట్‌లో మనం పంపే సమాచారం పోస్టుకార్డులా పోయేది. దారిలో చేతికి తీసుకున్న ప్రతివాడూ చదవగలిగేవాడు. ఇప్పుడు బ్యాంకులు, ప్రభుత్వ సైట్లు, పేరున్న కంపెనీల సైట్లు దాదాపుగా అన్నీ అంటించిన కవరు పద్ధతికి మారాయి. సైటు చిరునామా మొదట్లో హెచ్‌టీటీపీ తర్వాత 'ఎస్' అనే అక్షరం ఉంటే అది అంటించిన కవరు అని గుర్తు. వైఫై పెట్టినవాడికి మీరు ఏ సైటుకు వెళ్లారో తెలియవచ్చు. అక్కడ మీరు కొట్టిన పాస్‌వర్డ్ మాత్రం కనిపించదు. కాబట్టి లాడ్జి వైఫై మీద ధరలు చూసుకున్నంత మాత్రాన కొంపేమీ మునగదు.

గతంలో ఈ సంగతి తెలియజేయడానికి తాళం బొమ్మ చూడమని చెప్పేవారు. క్రోమ్ బ్రౌజర్‌లో 2023 నుంచి తాళం బొమ్మ తీసేసి చిన్న గీతల బొమ్మ పెట్టారు. అందువల్ల తాళం కోసం వెతకనవసరం లేదు. చిరునామా పక్కన 'నాట్ సెక్యూర్' అని కనిపిస్తే ఆ సైటులో ఏమీ కొట్టకూడదు. ఒక్కోసారి తెర నిండా హెచ్చరిక వస్తుంది, మీ కనెక్షన్ ప్రైవేట్ కాదని రాసి ఉంటుంది. కింద 'అడ్వాన్స్‌డ్' అని ఒక మీట కూడా ఉంటుంది. దాన్ని నొక్కి ముందుకు పోయేవారున్నారు. పోకూడదు. పరాయి వైఫై మీద ఆ హెచ్చరిక వచ్చిందంటే వెంటనే ఆ వైఫై వదిలేయాలి.

మరి మోసం ఎక్కడ జరుగుతోంది? కవరు బాగానే అంటించి ఉంటుంది, చిరునామా మాత్రం దొంగది. నకిలీ మిరప విత్తనాలు కొని మోసపోయినవారికి ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. ప్యాకెట్ సీలు గట్టిగానే ఉంటుంది, బొమ్మ నిగనిగలాడుతూ ఉంటుంది, లోపలి గింజే వేరు. దొంగ సైటుకూ 'ఎస్' అక్షరం ఉంటుంది. సీలు చూసి గింజ మంచిదని నమ్మకూడదు.

పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు

వైఫై పేరుకు రిజిస్ట్రేషన్ ఏమీ ఉండదు. మీ సెల్లు హాట్‌స్పాట్‌కు మీరు దిగిన లాడ్జి పేరు పెట్టి చూడండి. క్షణంలో పక్క గదివాళ్ల తెర మీద ఆ పేరు కనిపిస్తుంది. దొంగ చేసేదీ ఇదే. బాగా తెలిసిన పేరుతో ఒక ఉచిత వైఫై తెరుస్తాడు. పట్టుకున్నవారికి ముందుగా ఒక పేజీ చూపిస్తాడు. నెట్ కావాలంటే మీ మెయిల్, దాని పాస్‌వర్డ్ కొట్టమని అడుగుతాడు. ఇది ఊహించి రాసింది కాదు. ఆస్ట్రేలియాలో పెర్త్, మెల్‌బోర్న్, అడిలైడ్ విమానాశ్రయాల్లోనూ విమానాల్లోనూ ఇలా నకిలీ వైఫై పెట్టి పాస్‌వర్డ్‌లు సేకరించాడన్న ఆరోపణతో 2024లో అక్కడి ఫెడరల్ పోలీసులు ఒకరిపై కేసు పెట్టారు. చేతి సంచిలో పట్టే చిన్న పరికరంతోనే ఆ పని చేశాడని వారు చెప్పారు. విమానాశ్రయంలో చేయగలిగినవాడికి బస్టాండ్‌లో చేయడం ఎంతసేపు?

అందుకని లాడ్జిలో దిగినప్పుడు వైఫై అసలు పేరు ఏమిటో కౌంటర్‌లో అడిగి తెలుసుకోవాలి. ఒకే పేరుతో రెండు కనిపించినా, అదే పేరు చివర 'ఫ్రీ' అని కలిపి ఉన్నా పట్టుకోవద్దు. వైఫై పేజీ గది నంబరు, సెల్ నంబరు అడగడం మామూలే. రైల్వే స్టేషన్లలో రైల్‌వైర్ పేరుతో ఇచ్చే వైఫై కూడా సెల్ నంబరు అడిగి దానికి ఓటీపీ పంపుతుంది. రోజుకు మొదటి 30 నిమిషాలు ఉచితం. ఆ తర్వాత కావాలంటే డబ్బు కట్టాలి. ఇంతవరకు ఫర్వాలేదు. వైఫై ఇవ్వడానికి ఆధార్ నంబరు, ఏటీఎం కార్డు నంబరు, మెయిల్ పాస్‌వర్డ్, యూపీఐ పిన్ అడిగితే మాత్రం అది వైఫై కాదు, గాలం. 'ముందు ఈ యాప్ ఎక్కించుకోండి' అని చెప్పినా అంతే.

పరాయి వైఫై మొదటిసారి పట్టుకునేటప్పుడు విండోస్‌లో 'పబ్లిక్', 'ప్రైవేట్' అని రెండు ఎంపికలు ఉంటాయి. బయట ఉన్నంతసేపు పబ్లిక్ అన్నదే ఉండాలి. అప్పుడు అదే వైఫై మీద ఉన్న ఇతరులకు మీ ల్యాప్‌టాప్ కనిపించకుండా ఉంటుంది. 'ఆటోమేటిక్‌గా కనెక్ట్ అవ్వు' అన్నచోట టిక్కు తీసేయాలి. ఊరు వదిలేటప్పుడు ఆ వైఫై పేరు మీద 'ఫర్గెట్' నొక్కాలి. లేకపోతే ఇంకోసారి అదే పేరుతో ఎవడు వైఫై తెరిచినా ల్యాప్‌టాప్ పాత చుట్టంలా తనంతట తానే వెళ్లి కలుస్తుంది.

ఉచిత వీపీఎన్ వేసుకుంటే అన్నీ సురక్షితం అని ప్రకటనలు వస్తుంటాయి. వీపీఎన్ అంటే మన సమాచారాన్ని వేరే కంపెనీ గొట్టంలోంచి పంపడం. లాడ్జివాడి చూపు తప్పుతుంది, ఆ కంపెనీ చూపు పడుతుంది. ముక్కూ మొహం తెలియనివాడు ఊరికే గొట్టం ఎందుకు ఇస్తున్నాడో ఆలోచించుకోవాలి. సెల్లు హాట్‌స్పాట్ ఉన్న రైతుకు దానితో పనే లేదు.

చిరునామా చివర నుంచి చదవాలి

ఇది కాస్త నిదానంగా చదవాల్సిన విషయం, ఎందుకంటే డబ్బు పోయేది ఎక్కువగా ఇక్కడే. 2021లో నల్ల తామర పురుగు మిరప మీద పడ్డప్పుడు పైకి ఆకులు చూసి తోట బాగుందనుకున్నవారు పూత విప్పి చూసేసరికి లోపల గుంపులు కనిపించాయి. సైటు కూడా అంతే. పైన రంగులు, జాతీయ చిహ్నం, ప్రధానమంత్రి బొమ్మ చూసి నమ్మకూడదు. చిరునామా విప్పి చూడాలి.

చిరునామాలో మొదట హెచ్‌టీటీపీఎస్, రెండు చుక్కలు, రెండు వాలుగీతలు ఉంటాయి. వాటిని దాటి ముందుకు వస్తే మరో వాలుగీత దొరుకుతుంది. ఆ గీతకు ముందున్న ముక్కను చివర నుంచి వెనక్కి చదవాలి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల సైట్లు సాధారణంగా 'డాట్ గవ్ డాట్ ఇన్' అనే తోకతో ముగుస్తాయి. పీఎం కిసాన్ సైటు 'పీఎంకిసాన్ డాట్ గవ్ డాట్ ఇన్'. మన మీభూమి, తెలంగాణలో 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో వచ్చిన భూభారతి కూడా అదే తోకతో ఉంటాయి. 'పీఎంకిసాన్ డాట్ గవ్ డాట్ ఇన్ డాట్ కేవైసీ డాట్ కామ్' అని ఉందనుకుందాం. మొదటి సగం చూస్తే ప్రభుత్వానిదే అనిపిస్తుంది. చివర చూస్తే డాట్ కామ్ ఉంది. అంటే ఎవడో 'కేవైసీ డాట్ కామ్' అనేవాడి ఇల్లు, ప్రభుత్వం పేరు గుమ్మానికి బోర్డులా కట్టుకున్నాడంతే.

బ్యాంకుల విషయంలో ఇటీవల ఒక మంచి మార్పు వచ్చింది. మన దేశంలోని బ్యాంకుల సైట్లన్నీ 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అనే తోకకు మారాలని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో ఉత్తర్వు ఇచ్చి, అదే ఏడాది అక్టోబరు 31 వరకు గడువు పెట్టింది. ఆ తోకను బ్యాంకులకు తప్ప మరొకరికి ఇవ్వరు. స్టేట్ బ్యాంకు 'ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అయింది. మీ బ్యాంకు కొత్త చిరునామా ఏమిటో ఈసారి శాఖకు వెళ్లినప్పుడు కాగితం మీద రాయించుకుని తెచ్చుకోవాలి. ఇంటి దగ్గర తీరిగ్గా ఉన్నప్పుడు ఆ చిరునామా కొట్టి, బుక్‌మార్క్ చేసుకుని పెట్టుకుంటే ఊళ్లు తిరిగేటప్పుడు వెతకాల్సిన పని ఉండదు.

గూగుల్‌లో బ్యాంకు పేరు కొట్టి మొదట వచ్చినదాని మీద నొక్కే అలవాటు చాలామందిలో ఉంది. ఇది మానుకోవాలి. పైన వచ్చేవాటిలో డబ్బిచ్చి వేయించుకున్న ప్రకటనలు ఉంటాయి. 'కస్టమర్ కేర్' నంబరు కోసం వెతకడం అంతకంటే ప్రమాదం. దొంగలు తమ సెల్ నంబరే పెట్టి కాచుక్కూర్చుంటారు. ఫోన్ చేయగానే ఎంతో మర్యాదగా, చక్కని తెలుగులో మాట్లాడతారు. 'సార్, మీ ల్యాప్‌టాప్‌లో ఎనీడెస్క్ వేసుకోండి, నేను సరిచేస్తాను' అంటారు. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ అనేవి చెడ్డ ప్రోగ్రాములు కావు. దూరంగా ఉన్నవాడు మన ల్యాప్‌టాప్‌ను తన చేతిలోకి తీసుకుని నడిపేందుకు తయారైనవి. ముక్కూ మొహం తెలియనివాడికి అవి తెరిచి ఇచ్చామంటే ఇంటి తాళాలు ఇచ్చి పక్కకు జరిగినట్టే. బ్యాంకు నంబరు పాస్‌బుక్ మీద గానీ ఏటీఎం కార్డు వెనుక గానీ ఉంటుంది. అదే వాడాలి.

పరాయి వ్యాపారి పేరుతో ఫోన్ చేసి 'సరుకు అడ్వాన్సు పంపుతున్నా, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టు బాబాయ్' అనేవారు కూడా సీజన్‌లో తయారవుతారు. డబ్బు మన ఖాతాలోకి రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పని లేదు. పిన్ అడిగారంటే డబ్బు పోతోందని అర్థం.

జిరాక్స్ షాపులో మర్చిపోయేవి

ల్యాప్‌టాప్ ఉన్నా ప్రింటర్ ఉండదు కాబట్టి జిరాక్స్ షాపుకో ఇంటర్నెట్ సెంటరుకో వెళ్లక తప్పదు. అక్కడి కంప్యూటర్‌లో బ్యాంకు ఖాతా ఎట్టి పరిస్థితిలోనూ తెరవకూడదు. కొట్టిన ప్రతి అక్షరాన్నీ రహస్యంగా రాసిపెట్టుకునే ప్రోగ్రాములు ఉంటాయి. షాపువాడు మంచివాడే కావచ్చు, అతనికి తెలియకుండానే ఆ ప్రోగ్రాం అందులో చేరి ఉండవచ్చు. 'ఇన్‌కాగ్నిటో'లో తెరిచినా దాన్నుంచి రక్షణ ఉండదు.

ఎక్కువమంది చేసే పని ఇంకొకటి ఉంది. ఆధార్, పాస్‌బుక్ ప్రింట్ తీయించడానికి షాపు కంప్యూటర్‌లో తమ వాట్సాప్ తెరుస్తారు. ప్రింట్ తీసుకుని డబ్బులిచ్చి వచ్చేస్తారు. వాట్సాప్ అక్కడ తెరిచే ఉంటుంది! మీకు వచ్చే ప్రతి కబురూ అక్కడ కనిపిస్తుంది, మీ పేరుతో మీ చుట్టాలకు డబ్బు పంపమని కబురు పెట్టేందుకూ వీలుంటుంది. ఇప్పుడే సెల్లు తీసి వాట్సాప్‌లో 'లింక్డ్ డివైసెస్' అన్నచోట చూడండి. మీకు తెలియని కంప్యూటర్ ఏదైనా ఉంటే దానిమీద నొక్కి 'లాగౌట్' చేయాలి. షాపులో మీరు దించిన కాగితాలు 'డౌన్‌లోడ్స్'లో మిగిలిపోతాయి. దగ్గరుండి తీసేయించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించాలి. ఆధార్ ప్రతి ఇవ్వాల్సివస్తే, వీలున్నచోట చివరి 4 అంకెలే కనిపించే 'మాస్క్‌డ్ ఆధార్' ఇవ్వడం మంచిది. దీన్ని ఆధార్ సంస్థ సైటు నుంచే దించుకోవచ్చు. షాపులో వాడిన పెన్‌డ్రైవ్‌ను ల్యాప్‌టాప్‌కు పెట్టగానే ముందు వైరస్ పరీక్ష చేయాలి. విండోస్‌లో దానికి 'డిఫెండర్' ఉంటుంది, డబ్బు పెట్టి వేరేది కొననవసరం లేదు.

ల్యాప్‌టాప్ పోతే?

బస్సులో, యార్డు రద్దీలో వస్తువు పోవడం కొత్తేమీ కాదు. యంత్రం ఖరీదు ఒక ఎత్తు, అందులో ఉన్నది ఇంకో ఎత్తు. ల్యాప్‌టాప్ తెరవగానే పిన్ అడిగేలా పెట్టుకోవాలి. సెట్టింగ్స్‌లో 'డివైస్ ఎన్‌క్రిప్షన్' ఉంటే ఆన్ చేయించుకోవాలి. అప్పుడు లోపలి డిస్కు పీకి వేరే యంత్రానికి తగిలించినా చదవలేరు. ఆన్ చేసేటప్పుడు వచ్చే రికవరీ నంబరును ఇంట్లో కాగితం మీద రాసి పెట్టుకోవాలి, ల్యాప్‌టాప్ సంచిలో కాదు. బ్యాంకు పాస్‌వర్డ్‌ను బ్రౌజర్ 'గుర్తుపెట్టుకోనా?' అని అడిగితే, ఇంటిల్లిపాదీ వాడే ల్యాప్‌టాప్‌లో వద్దని చెప్పడమే మేలు. పాస్‌వర్డ్‌గా కొడుకు పేరు, పుట్టిన సంవత్సరం పెట్టేవారే ఎక్కువ. ఊళ్లో అందరికీ తెలిసినది రహస్యం ఎలా అవుతుంది? సంబంధం లేని నాలుగు మాటలు కలిపి పొడుగ్గా పెట్టుకుంటే గుర్తూ ఉంటుంది, దొంగకూ అంత తేలిగ్గా దొరకదు.

సెల్లు పోతే నష్టం ఇంకా ఎక్కువ. ఓటీపీలన్నీ వచ్చేది దానికే కదా. వెంటనే సిమ్ ఆపించాలి, బ్యాంకుకు చెప్పి యూపీఐ ఆపించాలి. నంబర్లన్నీ పోయిన సెల్లులోనే ఉంటే ఎవరికి ఫోన్ చేస్తారు? బయల్దేరే ముందే ఒక చీటీ మీద బ్యాంకు నంబరు, సిమ్ కంపెనీ నంబరు, ఇంట్లోవాళ్ల నంబరు, 1930 రాసుకుని చొక్కా లోపలి జేబులో పెట్టుకోవాలి.

డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం

1930 అనేది సైబర్ మోసాల మీద ఫిర్యాదుకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన నంబరు. ఎక్కడినుంచైనా చేయవచ్చు. మీది ఏ ఊరు, మోసం ఏ ఊళ్లో జరిగిందన్న మీమాంస అక్కర్లేదు. ఊరికి తిరిగి వెళ్లాక చూద్దాం అనుకోవడం, నలుగురికీ తెలిస్తే నామోషీ అని ఊరుకోవడం, ఈ రెండే రైతును ముంచుతున్నాయి. మీ ఖాతాలోంచి పోయిన డబ్బు ముందు ఒక ఖాతాలో పడుతుంది, అక్కడినుంచి ఇంకో ఖాతాకు పోతుంది, ఆ తర్వాత ఏటీఎంలో తీసేస్తారు. తీసేలోగా ఫిర్యాదు అందితే ఆ ఖాతాలో డబ్బును బ్యాంకు చేత ఆపించేందుకు వీలుంటుంది. అంటే ఇది గంటల వ్యవహారం, రోజుల వ్యవహారం కాదు.

ఫోన్ చేసే ముందు బ్యాంకు నుంచి వచ్చిన మెసేజ్ దగ్గర పెట్టుకోవాలి. అందులో ఉండే లావాదేవీ నంబరు, తేదీ, సమయం, ఎంత పోయింది అన్నవి అడుగుతారు. మెసేజ్‌లను చెరిపేయకూడదు, దొంగ పంపిన కబుర్లనైనా సరే. నెట్ ఉంటే 'సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్' సైటులో కూడా ఫిర్యాదు రాసి ఇవ్వవచ్చు.

1930కి చెప్పాం కదా అని బ్యాంకును వదిలేయకూడదు. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఉత్తర్వు ఈ విషయంలో ఖాతాదారుకు పెద్ద అండ అయింది. తప్పు ఖాతాదారుదీ కాదు, బ్యాంకుదీ కాదు, ఎవరో మూడోవాడు చేశాడు అన్నప్పుడు, బ్యాంకు మెసేజ్ అందిన 3 పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే నష్టం ఖాతాదారు మీద ఏమాత్రం పడదని అందులో చెప్పారు. 4 నుంచి 7 పనిదినాల మధ్య చేస్తే ఖాతాదారు భరించేదానికి హద్దు పెట్టారు. సున్నా నిల్వ ఉండే జన్‌ధన్ వంటి ప్రాథమిక పొదుపు ఖాతాలకు 5,000 రూపాయలు, మామూలు పొదుపు ఖాతాలకు 10,000 రూపాయలు. తప్పు ఖాతాదారుదే అని నిరూపించే బాధ్యత కూడా బ్యాంకు మీదే పెట్టారు. సహకార బ్యాంకులకు అదే ఏడాది డిసెంబరులో ఇటువంటి ఉత్తర్వే వెళ్లింది.

ఓటీపీయో పిన్నో మనమే చెప్పేసి ఉంటే, ఫిర్యాదు చేసేదాకా పోయినదంతా మన నెత్తినే పడుతుందని కూడా అదే ఉత్తర్వులో ఉంది. ఫిర్యాదు అందిన తర్వాత పోయేది మాత్రం బ్యాంకు భరించాలి. కాబట్టి ఓటీపీ చెప్పేశాను, ఇంకేం లాభం అని కూర్చోకూడదు. మొదట 20,000 లాగినవాడు పది నిమిషాల్లో మిగతాదీ లాగవచ్చు. ముందు ఖాతా ఆపించాలి.

బ్యాంకుకు ఫోన్‌లో చెప్పినప్పుడు ఫిర్యాదు నంబరు, చెప్పిన సమయం రాసుకోవాలి. 1930 వాళ్లు ఇచ్చే నంబరు కూడా అదే కాగితం మీద రాయాలి. మర్నాడు గుంటూరులోనే మీ బ్యాంకు శాఖ ఏది ఉంటే అక్కడికి వెళ్లి, ఇవే వివరాలతో తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి, రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. 'మీ ఖాతా ఉన్న శాఖకే వెళ్లండి' అని పంపేయబోతే, ఫోన్‌లో చెప్పిన ఫిర్యాదు నంబరు చూపించాలి. ముద్ర వేయకపోతే ఆ దరఖాస్తునే అదే రోజు పోస్టాఫీసులో రిజిస్టరు చేసి మీ శాఖకు పంపి, రసీదు దాచుకోవాలి.